నెల్లూరులో పుట్టి, తవుడు వెంటపడ్డ శాస్త్రవేత్త



మీ ఇంట్లో బి-కాంప్లెక్స్ మాత్రల అట్ట ఉంటే ఒకసారి తిప్పి చూడండి. అక్కడ థయామిన్ అనే పేరు కనిపిస్తుంది. అదే విటమిన్ బి1. దాని రసాయన నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ మన నెల్లూరులో పుట్టారు.

అది 1886 ఫిబ్రవరి 16. తల్లిదండ్రులు అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. రాబర్ట్ చిన్నతనం ఇక్కడే గడిచింది. తర్వాత అమెరికా వెళ్లి, చికాగో విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివి, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉద్యోగంలో చేరారు.

అక్కడ బెరిబెరి జబ్బు ఇళ్లను ఖాళీ చేస్తోంది. పెద్దవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి చచ్చుబడేవి, కొందరికి ఒళ్లంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. పసిపిల్లల సంగతి ఇంకా ఘోరం. రెండు మూడు నెలల బిడ్డ గొంతు పోయి, నోరు తెరిచినా ఏడుపు బయటికి వచ్చేది కాదు. తల్లి పాలు ఇస్తూనే ఉంది. కానీ ఆమె తినేది మరపట్టిన తెల్ల బియ్యం, ఆ పాలలో ఉండాల్సినది లేదు.

1910లో ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు నుంచి తీసిన సారాన్ని విలియమ్స్‌కు ఇచ్చి, అందులో మందేదో కనుక్కోమన్నారు. ఆ సారం చుక్కలు నోట్లో వేస్తే చావు అంచున ఉన్న బిడ్డలు కొన్ని గంటల్లోనే తేరుకునేవారు. అప్పటికి విలియమ్స్ వయసు 24. జవాబు పూర్తిగా దొరికేసరికి 50.

ఎందుకంత కాలం? టన్ను తవుడులో ఆ పదార్థం ఉండేది కొద్ది గ్రాములే. పైగా ఇది ఆయన జీతం వచ్చే పని కాదు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో రసాయన విభాగం డైరెక్టరుగా పగలంతా సముద్రగర్భ కేబుళ్ల తొడుగుల వంటి వాటితో సరిపోయేది. విటమిన్ పని సొంత సమయంలోనే. 1926లో జావాలో యాన్సెన్, డోనాత్ అనే డచ్చి శాస్త్రవేత్తలు ఆ స్ఫటికాలను ముందే పట్టుకున్నారు. అయినా ఈయన వదల్లేదు. 1936లో నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేశారు.

ఇంతకీ అది ఒంట్లో చేసేదేమిటి? అన్నం గ్లూకోజుగా మారుతుంది, గ్లూకోజు విరిగి పైరువేట్ అవుతుంది. (పదో తరగతి పిల్లల్ని అడగండి, చెబుతారు.) ఆ పైరువేట్ నుంచి అసలు శక్తి రావాలంటే థయామిన్ సాయం ఉండాలి. లేకపోతే కడుపు నిండా తిన్నా కణం ఆకలితోనే ఉంటుంది. ముందు దెబ్బతినేవి శక్తి ఎక్కువ కావాల్సిన గుండె, నరాలు. ఒంట్లో నిల్వ ఉండేది దాదాపు 30 మిల్లీగ్రాములు, రెండు మూడు వారాలకు మించి రాదు.

ఈ జబ్బు మన దగ్గరా ఉండేది. 1920లలో కూనూరులో పనిచేసిన మెకారిసన్, నోరిస్ మద్రాసు ప్రెసిడెన్సీని పరిశీలిస్తే, బెరిబెరి ఎక్కువగా కనిపించింది పచ్చి బియ్యం మరపట్టి తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది జిల్లాల్లో తక్కువ. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు థయామిన్ తవుడు నుంచి గింజలోకి దిగుతుంది. మిగిలినదాన్ని మనం వంటింట్లో పోగొట్టుకుంటాం. అది నీళ్లలో కరిగిపోయే విటమిన్. నీళ్లు తేటపడేదాకా బియ్యం కడిగి, గంజి వార్చేయడం మా ఇంట్లోనూ చాలాకాలం నడిచింది.

పేటెంట్ల మీద వచ్చిన రాయల్టీలో ఎక్కువ భాగాన్ని విలియమ్స్ పోషకాహార లోపాల నివారణ నిధికే మళ్లించారు. 1948లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్ ప్రాంతంలో థయామిన్ కలిపిన బియ్యం పంచితే, అక్కడ బెరిబెరి మరణాలు బాగా పడిపోయాయి. 1965లో ఆయన కన్నుమూశారు.

అన్నట్టు, ఊటీలో పుట్టిన ఆయన తమ్ముడు రోజర్ కూడా కెమిస్టే. పాంటోథెనిక్ ఆమ్లం, అంటే విటమిన్ బి5, ఆయన కనిపెట్టిందే. అదే మాత్రల అట్ట మీద ఆ పేరూ ఉంటుంది, చూడండి.