ఇసబెల్ కెర్

డాక్టర్ ఇసబెల్ కెర్ (1875 - 1932) నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి చికిత్సాలయమును నెలకొల్పిన స్కాట్లాండు వైద్యురాలు, క్రైస్తవ మిషనరీ. క్రైస్తవులు చెప్పే రక్షణ మరణానంతర జీవితానికే సంబంధించినదా, శరీరానికి కలిగే స్వస్థత కూడా అందులో భాగమా అన్న పాత ప్రశ్నకు ఈమె జీవితం ఒక ఉదాహరణగా నిలుస్తుంది.

విద్య, నిజామాబాదు రాక

ఇసబెల్ 1875లో స్కాట్లాండులో జన్మించింది. పుట్టింటి పేరు గన్. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొందింది. వెస్లియన్ మెథడిస్టు సంఘానికి చెందిన జార్జి కెర్‌ను వివాహమాడింది. దంపతులిద్దరూ 1907లో నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యానికి వచ్చారు. తరువాత వీరి పని ఇందూరు అని కూడా పిలువబడే నిజామాబాదుకు మారింది.

అప్పటికి ఈ ప్రాంతం నేటి రూపు సంతరించుకోలేదు. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. బోధన్ చక్కెర కర్మాగారం 1937లో, అనగా ఈమె మరణించిన తరువాత, ఏర్పడింది. కుష్ఠువ్యాధి సోకినవారిని ఇంటినుండి, ఊరినుండి వెలివేయడం ఆనాడు సాధారణం. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే గుర్తించినా, అది పూర్వజన్మ పాపఫలమనో, దైవశాపమనో నమ్మేవారే ఎక్కువ.

డిచ్‌పల్లి ఆసుపత్రి

కెర్ దంపతులు మొదట నిజామాబాదులో కుష్ఠురోగుల కొరకు చిన్న ఆశ్రయం ప్రారంభించారు. వచ్చేవారి సంఖ్య పెరగడంతో ఆ చోటు చాలలేదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత చేసిన సహాయంతో 1915లో డిచ్‌పల్లిలో విశాలమైన ఆసుపత్రి ఏర్పడింది. దీనికి విక్టోరియా ఆసుపత్రి అని పేరు.

అంతకుముందు కుష్ఠురోగుల ఆశ్రమాలు ఎక్కువగా తిండి, నీడ కల్పించి మరణం వరకు సంరక్షించే స్థలాలుగా ఉండేవి. సర్ లియొనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మూయిర్ వంటివారి పరిశోధనల వలన చాల్‌మూగ్రా జాతి గింజల నూనెనుండి తయారైన మందును సూదిద్వారా ఎక్కించే పద్ధతి 1920 ప్రాంతంలో వ్యాప్తిలోకి వచ్చింది. ఇసబెల్ ఈ చికిత్సను డిచ్‌పల్లిలో అమలుచేసింది. సూదిమందు బాధాకరమైనది, నెలల తరబడి తీసుకోవలసినది. అందరికీ పూర్తిగా నయం కాకపోయినా, వ్యాధి తొలిదశలో వచ్చినవారిలో కొందరికి మేలు జరిగేది. ఆశ్రమం ఆసుపత్రిగా మారడమే ఇక్కడి ముఖ్యమైన మార్పు. 1923లో బ్రిటిషు ప్రభుత్వం కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది.

సువార్త, రక్షణ, వైద్యం

సువార్త అనగా శుభవార్త. యేసుక్రీస్తు మరణ పునరుత్థానముల ద్వారా మనుష్యులకు పాపక్షమాపణ, దేవునితో సమాధానం లభించాయన్నది దాని సారాంశమని క్రైస్తవుల విశ్వాసం. రక్షణ కొందరికే ముందుగా నిర్ణయింపబడినదని కాల్విన్ సంప్రదాయం బోధించగా, దేవుని కృప అందరికీ తెరచియున్నదని, విశ్వాసంతో ఎవరైనా స్వీకరించవచ్చునని జాన్ వెస్లీ బోధించాడు. సత్క్రియలు రక్షణకు మూల్యం కావు, కాని నిజమైన విశ్వాసం సత్క్రియలుగా ఫలిస్తుందని ఆయన మతం. వెస్లీ 1747లో సామాన్యుల కొరకు గృహవైద్య గ్రంథం కూడా ప్రచురించాడు. కెర్ దంపతుల సంఘం ఈ సంప్రదాయానికి చెందినదే.

తెలుగు బైబిలులో రక్షించుట, స్వస్థపరచుట వేర్వేరు మాటలు. గ్రీకు మూలంలో అనేక చోట్ల రెండింటికీ ఒకే క్రియాపదం కనిపిస్తుంది. పాత నిబంధన ప్రకారం కుష్ఠురోగి పాళెము వెలుపల నివసించవలెను. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు అటువంటి వానిని తాకి బాగుచేశాడు. (బైబిలులో కుష్ఠుగా చెప్పబడిన చర్మవ్యాధులన్నీ నేటి కుష్ఠువ్యాధి కావని పండితుల అభిప్రాయం.) యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో, పుట్టు గ్రుడ్డితనానికి అతని పాపముగాని తల్లిదండ్రుల పాపముగాని కారణం కాదని యేసు చెప్పినట్లున్నది.

మిషను ఆసుపత్రులపై రెండు వైపులనుండి విమర్శ ఉన్నది. వైద్యం మతమార్పిడికి ఎర అని కొందరు, ఆత్మల రక్షణను వదలి శరీరాలపై శ్రద్ధ పెట్టారని మరికొందరు ఆక్షేపించారు. లూకా సువార్త పదిహేడవ అధ్యాయంలోని పదిమంది కుష్ఠురోగుల కథ ఈ రెండు ఆక్షేపణలకూ వర్తిస్తుంది. పదిమందీ బాగుపడ్డారు. ఒక్కడే, అదీ పరజాతివాడైన సమరయుడు, తిరిగివచ్చి కృతజ్ఞత తెలిపాడు. యేసు మిగిలినవారు ఏరని అడిగాడు గాని, వారికి కలిగిన స్వస్థతను వెనుకకు తీసుకొనలేదు. అనగా స్వస్థత విశ్వాసానికి ప్రతిఫలం కాదు, అయినను విశ్వాసంతో సంబంధం లేనిదీ కాదు.

మరణం, తరువాత

ఇసబెల్ కెర్ 1932లో మరణించింది. 1940 దశకంలో సల్ఫోన్ మందులు రావడంతో చాల్‌మూగ్రా చికిత్స క్రమంగా కనుమరుగైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించిన తరువాత కుష్ఠు పూర్తిగా నయమయ్యే వ్యాధి అయినది. రోగులను నిర్బంధించుటకు వీలు కల్పించిన 1898 నాటి చట్టాన్ని భారత పార్లమెంటు 2016లో రద్దుచేసింది. ఈమె వాడిన మందు పాతబడినది. కాని వెలివేయబడిన వారిని చికిత్సకు అర్హులైన రోగులుగా చూడవలెనన్న దృష్టిని డిచ్‌పల్లి తెలంగాణకు ముందుగానే చూపింది.