ప్రవాసంలో విద్యాసాధన: సిరార్పీ దేర్ నెర్సెస్యన్

మాతృభూమిని కోల్పోయినవారికి మిగిలే ఆస్తి జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకాన్ని కన్నీటితో కాపాడుకొనేవారు కొందరు, ఆగ్రహంతో కాపాడుకొనేవారు మరికొందరు. విద్యతో దానిని కాపాడి లోకానికి అందించినవారు బహు అరుదు. ఇరవయ్యో శతాబ్దంలో బైజాంటైన్ కళాచరిత్రకు పెద్దదిక్కుగా నిలిచిన విదుషీమణి సిరార్పీ దేర్ నెర్సెస్యన్ అటువంటి అరుదైన వ్యక్తి. యౌవనారంభంలోనే శరణార్థిగా పుట్టిన ఊరు విడిచి, పరదేశంలో విద్యార్థినిగా జీవితాన్ని మళ్లీ మొదలుపెట్టిన ఆమె చరిత్ర చదువుకొనే ప్రతి యువతీయువకునికీ స్ఫూర్తిదాయకం.

సిరార్పీ 1896 సెప్టెంబరు 5న కాన్‌స్టాంటినోపుల్ నగరంలో, కలిగిన ఆర్మీనియన్ కుటుంబంలో జన్మించింది. నేడు మనం ఇస్తాంబుల్ అని పిలిచే నగరమే అది. క్రీ.శ. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్, బైజాంటియం అనే పాత గ్రీకు పట్టణం ఉన్న చోట తన నూతన రాజధానిని ప్రతిష్ఠించాడు. ఆ పట్టణం పేరుమీదనే తూర్పు రోమన్ సామ్రాజ్యానికి బైజాంటైన్ సామ్రాజ్యమనే వ్యవహారం తరువాతి కాలంలో ఏర్పడింది. 1453లో ఉస్మానియా తురుష్కుల వశమయ్యేవరకు, అంటే పదకొండు వందల ఏళ్లకు పైగా, ఆ నగరం క్రైస్తవ ప్రపంచపు కళలకు కాణాచిగా విలసిల్లింది.

ఆ వైభవానికి ముఖ్య చిహ్నం హగియా సోఫియా. జస్టీనియన్ చక్రవర్తి 532లో ప్రారంభింపజేసిన ఈ మహాదేవాలయం ఐదేళ్లలో, 537 నాటికి పూర్తయింది. చతురస్రాకారపు కట్టడం మీద వర్తులమైన గుమ్మటాన్ని నిలపడం వాస్తుశిల్పులకు చిరకాలంగా ఒక చిక్కు సమస్య. నాలుగు పెద్ద కమానుల నడుమ మూలలను త్రికోణాకారపు వంపు గోడలతో నింపి, దాదాపు ముప్పై ఒక్క మీటర్ల వ్యాసంగల గుమ్మటాన్ని వాటిపై నిలిపి, ఆ శిల్పులు సమస్యను పరిష్కరించారు. భూకంపాల వల్ల గుమ్మటం పలుమార్లు దెబ్బతిన్నది. 989 నాటి భూకంపంలో కొంతభాగం కూలినప్పుడు దానిని పునరుద్ధరించినవాడు ట్రదాత్ అనే ఆర్మీనియన్ వాస్తుశిల్పి. సిరార్పీ జన్మించిన నగరపు నడిబొడ్డునే, గ్రీకుల కట్టడంలో ఆమె జాతివారి చేతిపని ఈవిధంగా కలిసి ఉన్నది. ఆమె బాల్యంలో ఆ భవనం మసీదుగా ఉండేది. లోపలి బంగారు వన్నె చిత్రాలలో అధికభాగం పూతల వెనుక మరుగుపడి ఉండేది. 1931లో వాటిని వెలికితీసే పని ఆరంభమయ్యేనాటికి ఆమె ఆ నగరాన్ని వీడి పదహారేళ్లు గడిచాయి.

సిరార్పీ మేనమామ మలాకియా ఒర్మానియన్ కాన్‌స్టాంటినోపుల్‌లోని ఆర్మీనియన్ క్రైస్తవులకు ధర్మాధిపతి, తమ మతసంఘ చరిత్రను బృహద్గ్రంథంగా రచించిన పండితుడు. ఇంట పాండిత్యవాతావరణం ఉన్నప్పటికీ బాలికకు దుఃఖం త్వరగానే పరిచయమయింది. తొమ్మిదేళ్ల వయస్సులో తల్లిని, పద్దెనిమిదేళ్ల వయస్సులో తండ్రిని పోగొట్టుకొన్నది. ఆ వెనువెంటనే అంతకంటె ఘోరమైన విపత్తు ఆమె జాతి మొత్తాన్ని చుట్టుముట్టింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, ఉస్మానియా ప్రభుత్వం ఆర్మీనియన్ల నిర్మూలనకు పూనుకొన్నది. ఏప్రిల్ 24న రాజధానిలోని ఆర్మీనియన్ రచయితలను, పండితులను, నాయకులను నిర్బంధించడంతో మొదలైన ఆ దారుణం లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. గ్రామాలు శూన్యమయ్యాయి. ఆలయాలు పాడుపడ్డాయి. తరతరాలుగా కాపాడుకొన్న గ్రంథాలెన్నో అగ్నికి ఆహుతి అయ్యాయి. ఆ సంవత్సరమే సిరార్పీ తన అక్క అరాక్స్‌తో కలిసి దేశం విడిచి స్విట్జర్లాండులోని జెనీవా చేరింది.

తల్లిదండ్రులు లేరు. తిరిగి వెళ్లడానికి ఊరు లేదు. అటువంటి స్థితిలో ఆ యువతి ఎంచుకొన్న మార్గం విద్య. జెనీవా విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, 1919లో అక్కతో పారిస్ చేరి సోర్బోన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించింది. బైజాంటైన్ అధ్యయనాలకు ఆనాడు పారిస్ ప్రధాన కేంద్రం. ఆ సామ్రాజ్య చరిత్రను ఫ్రెంచి పాఠకులకు చేరువచేసిన షార్ల్ దీల్, ఆలయాల కుడ్యచిత్రాలను ఊరూరా తిరిగి పరిశీలించిన గాబ్రియేల్ మిల్లే ఆమెకు గురువులు. మధ్యయుగ కళను రూపపరిణామ దృష్టితో వ్యాఖ్యానించిన ఆన్రీ ఫోసియాన్ వద్ద కూడ ఆమె శిష్యరికం చేసింది. శిష్యురాలి నిశితదృష్టిని గుర్తించిన మిల్లే 1922లో ఆమెను తన సహాయకురాలిగా నియమించుకొన్నాడు.

బైజాంటైన్ కళ అనగానే ఆలయాల గోడలమీద గాజుముక్కలతో, బంగారు రేకులతో కూర్చిన చిత్రాలు తలపునకు వస్తాయి. సిరార్పీ మనస్సును ఆకర్షించినవి మాత్రం అరచేతి వెడల్పున, తోలుపత్రాలపై చిత్రించిన గ్రంథచిత్రాలు. గోడను మరమ్మతు చేసినప్పుడు పాతచిత్రం చెదిరిపోవచ్చు. మూసిన గ్రంథంలోని చిత్రానికి ఎండ తగలదు, వాన తగలదు. వేయేళ్లనాటి రంగు నిన్ననే పూసినట్లు నిలుస్తుంది. ఒకే గ్రంథానికి గల వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏ చిత్రకారుడు ఎవరి బాణీని అనుసరించాడో, ఎక్కడ తన కల్పనను జోడించాడో నిర్ధారించడం ఆమె సాధించిన విద్య. మన పండితులు పాఠపరిష్కరణ కోసం తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పద్ధతి వంటిదే ఇది.

డాక్టరేటు కోసం ఆనాటి ఫ్రెంచి నియమం ప్రకారం ఆమె రెండు పరిశోధన గ్రంథాలు సమర్పించవలసి వచ్చింది. వాటిలో మొదటిది మనకు ఆత్మీయమైనది. బార్లాం, యోవాసాఫ్ కథ అనే గ్రీకు గ్రంథపు చిత్రాలమీద ఆమె పరిశోధించింది. భారతదేశంలోని ఒక రాజకుమారుని దుఃఖం సోకకుండా తండ్రి అంతఃపురంలో పెంచుతాడు. ఆ కుమారుడు ఒకనాడు రోగిని, వృద్ధుని చూచి చలించిపోతాడు. బార్లాం అనే సన్యాసి ఉపదేశంతో రాజ్యాన్ని త్యజించి తపస్వి అవుతాడు. ఈ కథ సిద్ధార్థుని చరిత్రేనని చదివినవారెవరైనా పోల్చుకొనగలరు. బోధిసత్త్వ శబ్దమే అరబ్బీ, జార్జియన్ భాషల గుండా ప్రయాణించి గ్రీకులో యోవాసాఫ్‌గా మారింది. క్రైస్తవలోకం బుద్ధుని, ఆయన బుద్ధుడని ఎరుగకుండానే, మహాభక్తుల జాబితాలో చేర్చుకొన్నది.

ఈ గ్రంథంలో ఒక నీతికథ ఉన్నది. ఒంటికొమ్ము మృగం తరుముతుండగా పరుగెత్తిన మనిషి గోతిలో పడబోయి ఒక చెట్టును పట్టుకొంటాడు. క్రింద భీకరసర్పం నోరు తెరచి ఉంటుంది. ఒక తెల్ల ఎలుక, ఒక నల్ల ఎలుక చెట్టు వేరును కొరుకుతూ ఉంటాయి. అయినా ఆ మనిషి కొమ్మనుండి జారే తేనెచుక్కల రుచిలో తన ఆపదను మరచిపోతాడు. మహాభారతం స్త్రీపర్వంలో పుత్రశోకంతో కుమిలే ధృతరాష్ట్రునికి విదురుడు చెప్పే సంసారకూప కథ ఇటువంటిదే. అక్కడ భయపెట్టేది నూతి అంచున నిలిచిన ఏనుగు, ఇక్కడ తరిమే ఒంటికొమ్ము మృగం. పగలు, రాత్రి అనే ఎలుకలు రెండుచోట్లా ఉన్నాయి. సిరార్పీ గ్రంథం 1937లో పారిస్‌లో అచ్చయింది. అదే సంవత్సరం హాలెండు పండితుడు ఫోగెల్, కృష్ణాతీరంలోని నాగార్జునకొండ శిల్పాలలో ఈ నూతిలోని మనిషి కథను గుర్తించి ఒక వ్యాసం ప్రకటించాడు. మన శిల్పి ఉలికి, గ్రీకు చిత్రకారుని కుంచెకు ఒకే కథ చిక్కడం కళలకు సరిహద్దులు లేవనడానికి చక్కని నిదర్శనం.

ఈ పరిశోధనలో మరొక చిక్కు ఉన్నది. ఆ కథకు సంబంధించిన ముఖ్యమైన సచిత్రప్రతి ఒకటి గ్రీసులోని అథోస్ పర్వతంమీద ఇవిరోన్ మఠంలో ఉన్నది. ఆ పర్వతంపై స్త్రీలకు ప్రవేశం లేదు. ఎంతటి విదుషికైనా ఛాయాచిత్రాలే అక్కడ శరణ్యం. మిల్లే ఎంతో శ్రమకోర్చి సమకూర్చిన ఛాయాచిత్ర భాండారం వంటి సాధనాల విలువ ఇటువంటి సందర్భాలలోనే తెలుస్తుంది. ద్వారం మూసి ఉన్నదని సిరార్పీ ఆ విషయాన్ని వదలిపెట్టలేదు.

రెండవ పరిశోధన గ్రంథం పన్నెండు, పదమూడు, పద్నాలుగు శతాబ్దాల ఆర్మీనియన్ సచిత్ర గ్రంథాలను గురించినది. ఆర్మీనియన్ లేఖకులు గ్రంథం చివర తమ పేరు, కాలం, ఆనాటి యుద్ధాలు, కష్టాలు వ్రాసి, గ్రంథాన్ని కాపాడవలసినదిగా చదువరిని వేడుకొనేవారు. మన తాళపత్ర లేఖకుల అలవాటు కూడ ఇటువంటిదే. శత్రువులు గ్రంథాన్ని చెరపట్టుకొనిపోతే, బందీలను విడిపించినట్లు ధనమిచ్చి దానిని విడిపించుకొన్న ఉదంతాలు ఆ వ్రాతలలో కనిపిస్తాయి. సర్వం కోల్పోయిన జాతికి చెందిన విద్యార్థినికి ఆ వాక్యాలు ఎంతటి ఆత్మబంధువులో ఊహించవచ్చు.

ఇక్కడనే ఆమెకు నిజమైన పరీక్ష ఎదురైంది. ఆర్మీనియన్ కళ బైజాంటైన్ కళకు ప్రాంతీయమైన అనుకరణ మాత్రమేనని కొందరు పండితులు తలచేవారు. దీనికి పూర్తిగా విరుద్ధంగా, 1918లో యోసెఫ్ స్ట్రిగోవ్‌స్కీ అనే పండితుడు గుమ్మటపు వాస్తువుకు ఆర్మీనియాయే మూలమని, ఐరోపా దానికి ఋణపడి ఉన్నదని ప్రతిపాదించాడు. గాయపడిన జాతిబిడ్డకు ఈ రెండవ వాదం ఎంత తీపిగా తోచాలి! అయినా సిరార్పీ దానిని యథాతథంగా తలకెత్తుకోలేదు. 1945లో వెలువరించిన ఆర్మీనియా, బైజాంటైన్ సామ్రాజ్యం అనే గ్రంథంలో సాక్ష్యం ఎంతవరకు పోతే అంతవరకే తాను పోయింది. ఏది ఎవరినుండి ఎవరికి చేరిందో, ఏది ఎవరి సొంతమో తూచినట్లు చెప్పింది. అతిశయోక్తిని విడిచినందువల్లనే ఆమె చెప్పిన గొప్పతనాన్ని లోకం నమ్మింది.

అంతకు ముందే, 1930లో, గురువుల ప్రోత్సాహంతో ఆమె అమెరికాలోని వెల్లెస్లీ మహిళా కళాశాలలో అధ్యాపకురాలిగా చేరింది. క్రమంగా అక్కడి కళాశాఖకు అధిపతిగా, కళాప్రదర్శనశాలకు సంచాలకురాలిగా ఎదిగింది. 1946లో వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ అనే బైజాంటైన్ పరిశోధన కేంద్రానికి వెళ్లి ఆచార్యపదవి అలంకరించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆ సంస్థకు తాత్కాలిక సంచాలకురాలిగా కూడ వ్యవహరించింది. స్త్రీలకు అటువంటి పదవులు దాదాపు అందని కాలమది. ఆమె వివాహం చేసుకోలేదు. దేశాలు మారినా అక్క అరాక్స్ తోడునీడగా నిలిచి ఇంటి భారం వహించింది. విదుషీమణి కీర్తిలో కనిపించని ఆ సోదరి సేవను కూడ మనం మరువరాదు.

1963లో ఉద్యోగవిరమణ చేసి ఆమె తాను విద్యార్థినిగా అడుగిడిన పారిస్‌కే తిరిగివచ్చింది. కలం మాత్రం విశ్రమించలేదు. 1965లో వాన్ సరస్సులోని అఖ్తమార్ దీవిమీద వెలసిన పదవ శతాబ్దపు ఆలయాన్ని గురించి గ్రంథం రచించింది. వెలుపలి గోడలనిండా శిల్పాలుగల ఆ ఆలయం 1915 తరువాత భక్తులు లేక మూగవోయినది. 1970లో, 1066లో కాన్‌స్టాంటినోపుల్‌లోనే తయారైన ఒక సచిత్ర కీర్తనల గ్రంథాన్ని వివరంగా ప్రకటించింది. విచిత్రమేమంటే దాని అంచులోనూ ఒంటికొమ్ము మృగం తరిమే మనిషి బొమ్మ ఉన్నది. యౌవనంలో పరిశోధించిన కథ వార్ధక్యంలో పుట్టిన ఊరి గ్రంథంలో మళ్లీ ఆమెను పలుకరించింది. ఆ సంవత్సరమే లండనులోని పురావస్తు పండిత సంఘం ఆమెను స్వర్ణపతకంతో సత్కరించింది.

1989 జులై 5న సిరార్పీ పారిస్‌లో కన్నుమూసింది. జీవితమంతా కూడబెట్టిన తన గ్రంథాలయాన్ని ఆర్మీనియా రాజధాని ఎరెవాన్‌లోని మాతెనదారన్ ప్రాచీన లిఖిత గ్రంథాలయానికి ధారపోసింది. సిలీషియా రాజ్యపు ఆర్మీనియన్ చిత్రాలపై ఆమె చేసిన చివరి కృషి 1993లో, మరణానంతరం గ్రంథరూపం దాల్చింది.

దేశం విడిచినవాని మూటలో బంగారం ఉంటే దొంగలు దోచవచ్చు. విద్యను ఎవరూ దోచలేరని మన పెద్దలు చెప్పిన మాటకు సిరార్పీ జీవితం ప్రత్యక్ష వ్యాఖ్యానం. తనవారిని ప్రేమించడం సహజం. ఆ ప్రేమ కూడ సత్యాన్ని దాటి పోకుండా నిగ్రహించుకొనడం సాధన. పరదేశపు తరగతి గదిలో ఒంటరిగా కూర్చున్న శరణార్థి బాలిక ఆ సాధన చేసింది. అందువల్లనే కాలగర్భంలో కలిసిపోవలసిన ఎందరో అజ్ఞాత లేఖకుల, చిత్రకారుల వేడుకోలు వృథా కాలేదు.