సుబ్బారావు గారి రెండు మాత్రలు

రోగనిరోధక కణాలపై పరిశోధన చేసే నాకు రోజూ ఎదురయ్యే పేర్లు రెండు: ఏటీపీ, మెథోట్రెక్సేట్. మొదటిది ప్రతి కణమూ ఖర్చుపెట్టే శక్తి. రెండోది బ్లడ్ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మందు. రెండింటి వెనకా ఒకే తెలుగువాడు ఉన్నారని ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను తొడుక్కుంటే, సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావాల్సిన చోట ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టుతో సరిపెట్టారు. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో పొట్టనపెట్టుకుంది.

మామగారి సాయంతో, దాతల విరాళంతో 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టగడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేశారు. తర్వాత సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు ద్వారా కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. అదే కొలమానంతో 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది కానీ, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

ఆ పని విలువ నిరోధక కణాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. టీ-కణం మామూలుగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. క్రిమి వచ్చిందన్న సంకేతం తగలగానే గ్లూకోజును గబగబా మింగుతూ, ఒకటి నుంచి వేలుగా విడిపోతుంది. ఏటీపీ తగ్గితే, ఆ సంగతి కనిపెట్టే ఏఎంపీకే అనే ఎంజైము ఖర్చుకు కళ్లెం వేస్తుంది. అంటే సంకేతం, శక్తి, పోరాటం ఒకే గొలుసులోని లంకెలు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబ్స్‌కు మారి, పరిశోధన డైరెక్టరయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లోనే తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందుగా పనికొచ్చింది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ మాత్రం మరో సంగతి గమనించారు. ఫోలిక్ యాసిడ్ లుకేమియాను ఎగదోస్తున్నట్టు అనిపించింది. అయితే దానికి విరుగుడు పదార్థం తెల్లకణాల విజృంభణను ఆపాలి కదా! సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసిచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అప్పటిదాకా ఆ పిల్లల తల్లిదండ్రులకు ఏ ఆశా లేదు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1988లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని కీళ్లవాతానికీ అనుమతించింది. వారానికోసారి చిన్న మోతాదులో ఇస్తే అది కణాలను చంపడం కంటే శాంతపరిచే పనే ఎక్కువ చేస్తుంది. దాని ప్రభావంతో కణాల బయట అడినోసిన్ పెరుగుతుంది. ఏటీపీలో ముఖ్యభాగమైన ఆ అడినోసిన్, నిరోధక కణాల తలుపు తట్టి, ఇక తగ్గమని చెబుతుంది. మందు పనిచేసే తీరుకు ముఖ్యంగా చెప్పే వివరణ ఇదే. 1929లో ఆయన చూసిన అణువు, 1940లలో ఆయన బృందం చేసిన మందు చివరికి ఇక్కడ కలుసుకున్నాయి.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్, తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలోని ల్యాబ్ నుంచే వచ్చాయి.

ఈ కీర్తి వెనక ఒక ఇల్లు ఉంది. భార్య శేషగిరిని వదిలి వచ్చిన మనిషి మళ్లీ స్వదేశం వెళ్లలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో శతజయంతి తపాలా బిళ్ల విడుదల చేసింది.

మెథోట్రెక్సేట్ వాడే కీళ్లవాతం రోగులకు, దుష్ప్రభావాలు తగ్గడానికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. మన ఇళ్లలో అమ్మమ్మలో, అత్తయ్యలో ఆ రెండు మాత్రలూ వేసుకుంటూ ఉంటే, పక్కన కూర్చున్న పిల్లలకు ఈ భీమవరం మనిషి సంగతి చెప్పండి.