రోజుకొక పాట కట్టిన అన్నమయ్య

సెలవుల్లో అలిపిరి నుంచి కొండకు నడిచే కుటుంబాలు పాదాల మండపం దగ్గరే ఫోన్లు బయటికి తీస్తాయి. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపే ఫోన్‌లో చార్జింగ్ సగం అయిపోతుంది. దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట ఈ కొండే ఎక్కిన ఒక పిల్లవాడి దగ్గర చూడటానికి కళ్లు తప్ప ఏమీ లేవు.

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టారు. తల్లి లక్కమాంబ, తండ్రి నారాయణసూరి. చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు గడ్డి కోసుకు రమ్మని పంపితే కొడవలికి వేలు తెగిందట. అటుగా వెళ్తున్న తిరుపతి యాత్రికుల గుంపులో కలిసిపోయాడట. (ఇంట్లో చెప్పకుండా వెళ్లిన సంగతి మాత్రం పిల్లలకు మరీ నొక్కి చెప్పకండి!) ఈ కథలు మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్ర వల్ల మనకు దక్కాయి.

మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో చెప్పుల కాళ్లతోనే పొద కింద పడుకున్నాడు. అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువలా వచ్చి, కొండంతా సాలగ్రామమే గనుక చెప్పులు విడవమని చెప్పి ప్రసాదం పెట్టిందంటారు. చెప్పులు విడిచాకే అతనికి కొండ కనబడింది. పాట ఆ తర్వాత వచ్చింది.

పదహారో ఏట, అంటే 1424 నుంచి 1503లో కన్నుమూసే దాకా ఆయన పాటలు కడుతూనే ఉన్నారు. రోజుకొకటైనా తప్పలేదట, మొత్తం 32 వేలని ప్రతీతి. వాటిలో స్వామి ఊరేగింపులే కాదు, జోలపాటలు, దంపుడు పాటలు, చందమామ పదాలు కూడా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఇళ్లలో వినబడేదంతా ఆయన చెవిన పడిందన్నమాట. సాళువ నరసింహరాయలు తన మీద అలాంటి పాట పాడమంటే ఒప్పుకోక సంకెళ్లు వేయించుకున్నారు.

పాటలను రాగిరేకులకు ఎక్కించే పని కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో సాగింది. రేకులను గుడిలో హుండీ ఎదుట ఒక అరలో దాచారు. కాలక్రమంలో అందరూ మరిచిపోయారు. 1922లో అవి మళ్లీ వెలుగు చూశాయి. దొరికిన పాటలు 12 వేలకు అటూ ఇటూ. ఆ రేకులే లేకపోతే మనకు అన్నమయ్య పేరు తప్ప ఏం మిగిలేది? దాచుకోవడం దండగ అని ఎవరనగలరు!

అయినా రేకు మీద ఉన్నది మాట, రాగం పేరు. ఆయన గొంతులో ఆ పాట ఎలా పలికిందో అందులో లేదు. ఇప్పుడు మనం వినే వరసలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో కట్టినవి. అసలు వరస ఆనాడు పక్కన కూర్చుని విన్నవాళ్లకే దక్కింది.

తిరుమల గుడిలోకి ఎలాగూ ఫోన్లు తీసుకుపోనివ్వరు. ఈసారి నడిచి వెళ్లినప్పుడు అలిపిరి నుంచే ఫోన్ సంచిలో పెట్టి చూడండి. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ కలిసి ఒక్క ఫొటో తీసుకోండి. ఇంటికొచ్చాక దారిలో చూసినవాటి గురించి పిల్లలతో నాలుగు వాక్యాలు రాయించండి. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే.