గుంటూరు వచ్చిన జాన్సెన్

తరగతిలో పిల్లలకు మేము పహేలీలు వేస్తుంటాం. గాలికన్నా తేలిక, మంట అంటుకోదు, ఎవరితోనూ కలవను, బెలూన్లలో ఉంటాను, నేనెవరు? హీలియం అని జవాబు వచ్చేస్తుంది. మూలకాల పట్టికలో, అంటే మన ఉర్దూ పుస్తకాల దౌరీ జద్వల్‌లో, దాని సంఖ్య 2. అయితే ఈ పహేలీకి మొదటి ఆచూకీ దొరికింది మన గుంటూరు, బందరు వైపే అంటే పిల్లలు నమ్మరు. పెద్దలూ నమ్మరు. అందుకే ఈ సంచికలో జాన్సెన్ గారి జీవితం వ్రాస్తున్నాం.

పియర్ జాన్సెన్ 1824లో పారిస్‌లో పుట్టారు. చిన్నప్పుడే ప్రమాదం వల్ల కాలు కుంటిదైంది. బడికి సరిగా వెళ్ళింది లేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ చదువుకుని, లెక్కల్లో పట్టా తీసుకుని, ఉపాధ్యాయులయ్యారు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఆయన గుంటూరు వచ్చారు. వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు వెంట తెచ్చారు. ప్రతి మూలకానికీ అందులో తనవే అయిన గీతలుంటాయి, మనిషికి వేలిముద్రల్లాగ. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలలు మండే వాయువేనని, అందులో ముఖ్యంగా హైడ్రోజన్ ఉందని గీతలు తెలిపాయి. ఆ గీతలు అంత మెరుస్తుంటే గ్రహణం లేకున్నా కనబడాలి కదా అనుకున్నారు. మర్నాడే చూశారు, కనబడ్డాయి! అసలు ఘనత ఇదే. కాకినాడ నుంచి ఆయన వేసిన ఉత్తరం, లండన్‌లో అదే పద్ధతి విడిగా కనుక్కున్న లాకియర్ ఉత్తరం, రెండూ అక్టోబరు 26న పారిస్ అకాడమీలో చదివారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది.

ఇక పసుపు గీత సంగతి. ఆ గ్రహణంలో దాన్ని చూసినవారు ఒక్కరు కాదు. బందరులో మద్రాసు ప్రభుత్వ ఖగోళ శాస్త్రజ్ఞుడు పోగ్సన్ కూడా చూశారు. (2022 దాకా మన తిరువూరుకు జిల్లా కేంద్రం ఆ బందరే.) పసుపు అంటే సోడియమే అనుకోవడం సహజం. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇదేమో 587.6. ఆ కాస్త తేడాను పట్టుకుని, ఇది కొత్త మూలకమని చెప్పింది లాకియర్. జాన్సెనే హీలియం కనుగొన్నాడని చాలా పుస్తకాలు వ్రాస్తాయి, మేమూ చాలాకాలం అలాగే చెప్పాం. అది తప్పు. ఇకమీదట సరిచేసి చెబుతాం.

సూర్యుని గ్రీకు పేరు మీద హీలియం అని పేరైతే పెట్టారు గాని, వస్తువు చేతికి రాలేదు. 1869లో మెండలీవ్ వేసిన పట్టికలో దానికి గదే లేదు. 1895లో రామ్సే ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వచ్చిన వాయువులో అదే గీత కనబడింది. 27 ఏళ్ళకు పహేలీ విడింది. పట్టికకు కొత్త వరుసే చేర్చవలసి వచ్చింది.

జాన్సెన్ మాత్రం గ్రహణాల వెంట తిరుగుతూనే ఉన్నారు. 1870లో పారిస్‌ను శత్రుసేన చుట్టుముడితే బెలూనెక్కి బయటపడి అల్జీరియా చేరారు. తీరా అక్కడ మబ్బు పట్టింది! మరుసటి ఏడు మళ్ళీ మన దేశానికే, నీలగిరులకు వచ్చారు. 69వ ఏట, ఆ కుంటికాలితోనే, మనుషులు స్లెడ్జి మీద లాగగా మంచుకొండ మోబ్లాన్ శిఖరం చేరారు. అక్కడ తాను కట్టించిన వేధశాలను చూసుకోవడానికి. 1907 డిసెంబరు 23న కన్నుమూశారు.