డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

కృష్ణానదికి ఆవల, భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంసారము పేదది. బాల్యమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పోవుచుండగా తల్లి వెనుకకు రప్పించెనని చెప్పుదురు. మూడవమారు గాని ఆయన మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. ఈ విషయమున మాత్రము మా విద్యార్థులు ఆయనను అనుకరింపకుందురు గాక!

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరుదుస్తులతో శస్త్రశాలకు పోయి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పొందిరి. అంతకంటె పెద్ద దెబ్బ ఇంట తగిలెను. స్ప్రూ అను గ్రహణిరోగము ఇరువురు సోదరులను కొలదిదినముల యెడములో కబళించెను. ఆయనకును అదియే సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రతికిరి. 1923లో భార్య శేషగిరిగారిని ఇచ్చటనే విడిచి బోస్టను నగరము చేరిరి. మరల స్వదేశమును చూడలేదు.

అచ్చట రాత్రులు ఆసుపత్రిలో ఊడిగము చేయుచు చదివిరి. 1925లో ఫిస్కు అను ఆచార్యునితో కలిసి, నీలిరంగు చిక్కదనమును బట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. జీవకణముల పొరలలోని క్రొవ్వులలోను భాస్వరము కలదు. 1959లో బార్ట్‌లెట్ అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతినే మార్చి ఆ క్రొవ్వులను కొలుచుటకు అనువుగా చేసెను.

1940లో సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అచ్చట ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు పనికివచ్చినది. సోదరులు గతించి అప్పటికి ఇరువదియేండ్లు దాటినవి. ఆ ఆమ్లమునకు విరోధియగు అమినోప్టెరిను, నెత్తుటి క్యాన్సరుతో బాధపడు బాలురకు కొంతకాలము ఉపశమనము నిచ్చినట్లు 1948లో ఫార్బరు అను వైద్యుడు ప్రకటించెను.

1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజీను కథ మాకు మరింత వింతగా తోచును. మన కోస్తా పల్లెల పీడయగు బోదకాలునకు కారణమైన పురుగును అణచు మందిది. కాని గాజునాళికలో ఉంచిన పురుగుపై దీని ప్రభావము మిక్కిలి తక్కువ. రోగి శరీరముతో కలిసియే అది పనిచేయును. దేహము ఒక క్రొవ్వు ఆమ్లమునుండి చేసికొను కబుర్లను ఈ మందు తగ్గించునని పిదప తెలిసెను. ల్యూకోట్రయీనులను ఆ కబుర్ల స్వరూపమును 1979లో స్వీడను దేశపు శామ్యూల్సను బయటపెట్టెను. తాళమున తాళపుచెవివలె అవి జీవకణములపైనున్న గ్రాహకములలో కుదిరి శ్వాసనాళములను బిగించును. నేటి ఉబ్బసరోగులు మ్రింగు మాంటెలుకాస్టు మాత్ర ఆ తాళములో ముందుగా దూరి కూర్చుండును. సుబ్బారావుగారి మందు తాళపుచెవుల తయారీకే అడ్డుపడును. పురుగు మూలమున ఊపిరితిత్తులకు వచ్చు ఉబ్బసమువంటి వ్యాధికి ఆ మందునే వైద్యులు వాడుదురు.

తాళములను గూర్చిన ఈ కథ ఆయన ఎరుగరు. 1948 ఆగష్టు మాసమున, 53వ యేట, నిదురలోనే గతించిరి. 2004 నుండి మన దేశమున బోదకాలు గల జిల్లాలలో ఆ మాత్రలను ఇంటింట పంచుచున్నారు.