బడిపంతులు రహీం సాబ్

ఫుట్‌బాల్‌లో మన దేశం ఆసియాకే మేటిగా నిలిచిన రోజులున్నాయంటే హాస్టల్‌లో ఉన్న మన తమ్ముళ్లు చాలామంది నమ్మరు. ఆ జట్టుకు ఆట నేర్పింది ఏ విదేశీయుడో కాదు, హైదరాబాదులో పిల్లలకు పాఠాలు చెప్పుకున్న ఒక బడిపంతులు. ఆయనే కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆటగాళ్లందరికీ రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పొందారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి, కన్నుమూసేవరకూ దానిని విడువలేదు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

రహీం సాబ్ గొప్పతనమంతా కప్పుల లెక్కలో లేదని మా అభిప్రాయం. ఒక కుర్రాడు ఎలా ఆడుతున్నాడు, పోయిన నెలకూ ఈ నెలకూ ఎంత మారాడు అన్నది చూసే కన్ను ఆయనది. ఆ చూపు ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. మన జట్టులో మధ్యలో ఆడే తమ్ముడి గురించి ఈ ఏడంతా మెస్సులో ఎంత వాదన జరిగింది! జులైలో బంతి కాలికి తగలగానే ఎటో ఒకటు తన్ని ఊపిరి పీల్చుకునేవాడు. దసరా సెలవులు అయ్యి వచ్చాక, బంతి రాకముందే ఇటూ అటూ చూసుకోవడం మొదలుపెట్టాడు. సంక్రాంతి నాటికి నందిగామ వైపు జట్లతో ఆడినప్పుడు మన ఫార్వర్డ్‌లకు అందిన మంచి బంతుల్లో సగానికి సగం అతని కాలి నుంచి వెళ్లినవే. అయినా కొందరు ఒక్కటే పట్టు పట్టారు. ఏడాదంతా ఒక్క గోలైనా కొట్టాడా అని!

రహీం సాబ్ దగ్గర ఈ వాదన సాగేది కాదు. గోలు కొట్టినవాడిని అందరూ చూస్తారు. ఆ బంతి ఎక్కడి నుంచి వచ్చిందో చూడడమే శిక్షకుడి పని. ఆ రోజుల్లో మిడ్‌ఫీల్డర్ అనే మాట మన వైపు వాడుకలో లేదు, హాఫ్ బ్యాక్ అనేవారు. వెనుక కాపలా కాయాలి, ముందుకు బంతి అందించాలి, రెండూ అతని మీదే. అందుకని ఆయన కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలితో దొర్లించుకుంటూ ఒంటరిగా పోకూడదు, అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకొక పోటీలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. ఖర్చు లేని చదువు ఇది. ఖాళీ జాగా, ఒక బంతి ఉంటే చాలు, మన చిల్లకల్లులోనైనా చేయవచ్చు.

ఈ చదువు ఏ మేరకు పనికొచ్చిందో తేలడానికి నాలుగేళ్లు పట్టింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ పరాభవంతో ఇంకొకరైతే ఇంటికి పోయి కూర్చునేవారు. రహీం సాబ్ తిరిగి మైదానానికే వెళ్లారు. బూట్లతో ఆడడం అలవాటయింది. హంగేరీ వాళ్లు ఒక ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి మధ్యలో బలం పెంచుకునే పద్ధతిని ఆయన శ్రద్ధగా గమనించి మన జట్టుకూ నేర్పారు.

1956లో మెల్‌బోర్న్‌కు వెళ్లిన జట్టులో హైదరాబాదు కుర్రాళ్లు పలువురున్నారు. హెల్సింకీలో ఆడిన హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ మళ్లీ జట్టులో ఉన్నాడు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టాడు. సెమీఫైనల్లో ఎదురైంది మళ్లీ ఆ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనదే! చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ల కిందటి 10-1తో పోల్చి చూడండి. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి పోలేదు.

ఆ జట్టులోనే తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ పేద ఇంటి కుర్రవాడు. అతని ఆట రహీం సాబ్ కంట పడింది. హైదరాబాదు జట్టు శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బులు లేవని తెలిసి, అద్దె సైకిలుకని తన జేబులోంచి రూపాయి తీసి ఇచ్చారు. ఊరి నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని హాస్టల్‌కు వచ్చిన మనకు ఆ రూపాయి విలువ వేరే చెప్పాలా? 1956లోనే బలరాం మెల్‌బోర్న్ చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోళ్లు కొట్టింది అతనే.

ఆ రోమ్ ప్రయాణంలోనే, మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచిన సంగతి ఒకటుంది. జట్టులో సయ్యద్ షాహిద్ హకీం అనే యువకుడు ఉన్నాడు. ఆడేది మధ్యలోనే. రహీం సాబ్ స్వయానా కన్న కొడుకు. హంగేరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. మూడు మ్యాచ్‌లు అయిపోయాయి, హకీం ఒక్కదానిలోనూ మైదానంలోకి దిగలేదు. 1962 ఆసియా క్రీడల జట్టులో చివరి నిమిషంలో చోటు కూడా దక్కలేదు. లిస్టు నోటీసు బోర్డు మీద అంటించగానే ఎవడు ఎవరి మనిషో అని గుసగుసలు పోవడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. ఇక్కడ కొడుకు బెంచీ మీద కూర్చున్నాడు, అద్దె సైకిలు మీద వచ్చినవాడు గోళ్లు కొట్టాడు. ఆ రాత్రుళ్లు తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో గానీ, లిస్టు మాత్రం మారలేదు.

1962 జకార్తా క్రీడల నాటికే రహీం సాబ్ ఆరోగ్యం పాడయింది. జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచింది. బ్యాక్‌గా ఆడే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు జరిపారు! సాహసమో మొండితనమో మేము చెప్పలేం గానీ, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ ఒక గోలు కొట్టాడు, 3-2తో గెలిచాం. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదుట మళ్లీ కొరియా. క్రీడల రాజకీయాల వల్ల ఆ రోజు స్టేడియం నిండా ఉన్న జనం భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తూనే ఉన్నారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అది రెండో స్వర్ణం, ఇప్పటికి ఆఖరుది కూడా.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు. యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు. చాలాకాలం ఆయన పేరు హైదరాబాదు పాత ఆటగాళ్ల నోటనే మిగిలింది. 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక మన కుర్రాళ్లకూ తెలిసింది. సినిమా సినిమాయే అనుకోండి.

బలరాం ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లోనే ఆట మానుకోవలసి వచ్చింది. 2023లో పోయారు. హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు, శిక్షకుడిగా కుర్రాళ్లను తీర్చారు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని 2021లో మరణించారు. ఒలింపిక్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వని తండ్రికి కొడుకైన ఆయన, ఆట మానాక ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీగా, నోట ఈల పెట్టుకుని మైదానంలోకి దిగారు.